పంకకు కాంట పెట్టినం

పోయిన వారం ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఇక్కడ ఒక ప్రశ్న పెట్టిండు. "అన్నా, ఇంజనీరింగ్‌ల మన హాస్టల్ పిల్లలకు మిషిన్లు ముట్టనిస్తరా, లేకపోతే వేరేవాళ్లు చేస్తుంటే చూసి రాసుకునుడేనా?" అని. చాలా మంది లైక్ కొట్టిండ్రు, ఎవ్వరూ జవాబు పెట్టలె. నాకు తెలిసినంతల జవాబు రాస్తున్న. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

నాది బీర్పూర్ మండలం, గోదావరి ఒడ్డు దిక్కు ఒక గూడెం. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, ఎలక్ట్రికల్ బ్రాంచి. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. బాపు మూడో తరగతి దాకా పోయిండు, అవ్వ బడికి పోలె. హాస్టల్‌ల ఉండి చదువుతున్న. ఈ సంవత్సరం కాలేజీల నలుగురం కలిసి ఒక మోడల్ విమానం కడుతున్నం. అంటే మనిషి కూసునేది కాదు, రిమోట్‌తోని ఎగిరే చిన్న విమానం. రెక్క పొడుగు మీటరు పైన, బరువు 900 గ్రాముల లోపల ఉండాలని లెక్క వేసుకున్నం. బోయింగ్ కంపెనీ, ఐఐటీలు కలిసి నేషనల్ ఏరోమోడలింగ్ పోటీ పెడతయి. అసొంటి పోటీకి ఎప్పటికైనా పోవాలని మా ఆశ. నలుగురిలో ఇద్దరం ఎస్టీ హాస్టల్ పిల్లలం.

పైసల సంగతి ముందే చెప్తా. నలుగురం కలిపి జమ చేసింది 6,400 రూపాయలు. నా వంతు 1,600. అది ఎండాకాలం నేను, అవ్వ తునికాకు ఏరిన పైసలల్లది. తునికాకు సంగతి మీకు తెలిసిందే. కట్టకు 50 ఆకులు, పొద్దు పొడవకముందే అడవికి పోవాలె, ఎండెక్కినంక ఇంటికొచ్చి కట్టలు కట్టాలె. కల్లం కాడ ఒక్కో కట్ట లెక్క పెట్టి తీసుకుంటరు. గట్ల వచ్చిన పైసలతోని కొనే మోటర్ మీద ఏం రాసి ఉందో చూసి నమ్మి ఊకుండబుద్ధి కాలె.

మేం ముందుగాల కొన్న మోటర్ పేరు ఏ2212, 1000 కేవీ. ఇండియాల కాలేజీ పిల్లలు డ్రోన్ కట్టినా, చిన్న విమానం కట్టినా ఎక్కువగా దీంతోనే మొదలు పెడతరు. నాలుగైదు వందలకు దొరుకుతది. 2212 అంటే లోపల ఉన్న ఇనుప భాగం 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు. ఇంక 1000 కేవీ. ఇది కిలోవోల్ట్ కాదు, చాలా మంది అదే అనుకుంటరు. ఒక్క వోల్టు ఇస్తే, మీద బరువేం లేకుంటే, నిమిషానికి 1000 చుట్లు తిరుగుతదని అర్థం. మా బ్యాటరీల 3 సెల్స్ ఉంటయి. సెల్‌కు 3.7 వోల్టులు, మొత్తం 11.1. నిండ చార్జి చేస్తే 12.6. ఈ లెక్కన ఉట్టిగ తిరిగితే నిమిషానికి 11 వేల చుట్ల పైన. కానీ ముంగట పంక పెట్టినంక అన్ని చుట్లు తిరగది, గాలిని నెట్టాలె కదా.

పంక అంటే ప్రొపెల్లర్. దాని మీద 1045 అని రాసి ఉంటది. 10 అంగుళాల పొడుగు, 4.5 అంగుళాల పిచ్. పిచ్ అంటే ఏందంటే, స్క్రూ కట్టెలోకి దిగినట్టు పంక గాలిలోకి దిగితే ఒక్క చుట్టుకు ఎంత ముందుకు పోతదో ఆ లెక్క. గాలి కట్టె లెక్క గట్టిగ ఉండది కాబట్టి అంత పోదు, కానీ పోల్చుకోవడానికి పనికొస్తది.

కొన్న కాడ మోటర్ వివరంల 1,000 గ్రాముల పైన నెట్టుడు బలం వస్తదని రాసి ఉన్నది. ఏ పంకతోని, ఎన్ని వోల్టుల కాడ, ఎంత సేపు అనేది లేదు. మా టీంలో సీనియర్ అన్న ఒకాయన, "ఇది సరిపోదు, 1,800 పెట్టి పెద్ద మోటర్ తీసుకుందాం, దానికి పెద్ద బ్యాటరీ గూడ కావాలె" అన్నడు. ఇంకో దోస్తు, "రాసి ఉంది కదా వెయ్యి గ్రాములని, విమానమే 900, ఇంక ఫికరేంది" అన్నడు. రెండు మాటలకూ ఆధారం లేదు. ఒకటి భయం, ఇంకోటి నమ్మకం. నేను అప్పటిదాకా టీంలో ఎక్కువ మాట్లాడకపోయేది. వాళ్లు ఇంగ్లీషుల గడగడ మాట్లాడుతరు, వీడియోలు మస్తు చూసిండ్రు. ఆ రోజు మాత్రం, "కాంట పెట్టి చూద్దాం, తర్వాత కొందాం" అన్న. పంకకు కాంట ఏందిరా అని నవ్విండ్రు. అయినా వద్దని ఎవరూ అనలె.

దీన్నే ఇంజనీర్లు బెంచ్ టెస్ట్ అంటరు. మోటర్‌ను, పంకను విమానానికి బిగించకముందే బల్ల మీద కట్టేసి తిప్పి, ఎంత బలం ఇస్తుంది, ఎంత కరెంటు తాగుతుంది, ఎంత వేడెక్కుతుంది అని కొలుచుడు. విమానం ఎగిరినంక తెలుసుకుంటే ఆలస్యమైతది, కింద పడితే పైసలన్నీ మట్టిల కలుస్తయి.

బల్ల ఎట్ల తయారు చేసినమో చెప్తా, ఎవలైనా చేసుకోవచ్చు. రెండు టేకు చెక్క ముక్కలు తీసుకొని ఎల్ ఆకారంల బిగించినం. ఒక ముక్క నిలువుగ, ఒకటి అడ్డంగ. రెండు కలిసే మూల కింద తలుపులకు పెట్టే కబ్జా ఒకటి వేసి పీటకు బిగించినం. అంటే ఆ ఎల్ మూల కాడ ముందుకు వెనుకకు ఊగుతది. నిలువు ముక్క కొన మీద మోటర్. అడ్డం ముక్క కొన కింద వంటింట్ల వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాంట. పంక తిరిగి మోటర్‌ను ఒక దిక్కు లాగితే, అడ్డం ముక్క కిందికి దిగి కాంటను నొక్కుతది. కబ్జా నుంచి మోటర్ దాకా ఉన్న దూరం, కబ్జా నుంచి కాంట దాకా ఉన్న దూరం సమానం ఉంటే, కాంట మీద వచ్చిన గ్రాములే పంక బలం. మేం రెండు దిక్కులా 25 సెంటీమీటర్లు పెట్టినం. పంక గాలి కాంట మీద పడకుంట చూసుకున్నం. గోడకు దూరంగ పెట్టినం, ఎందుకంటే గోడకు తగిలిన గాలి మళ్లీ తిరిగొచ్చి పంకలోకే పోతే లెక్క మారుతది.

కాంట 250, బ్యాటరీకి మోటర్‌కు నడుమ పెట్టే వాట్ మీటర్ 650, మోటర్ వేగం పెంచి తగ్గించే చిన్న సర్వో టెస్టర్ 120 అయినయి. చుట్లు కొలిచే టాకోమీటర్, వేడి కొలిచే తీగ ఉన్న మల్టీమీటర్ మా ల్యాబ్‌ల ఉన్నయి. ల్యాబ్ సార్‌ను అడిగితే, రిజిస్టర్‌ల రాసి తీసుకోండి అన్నరు. తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇక్కడే సగం జవాబు ఉన్నది. అడిగితే ఇస్తరు. ఎందుకు కావాలో, ఏం కొలుస్తవో ఒక కాయితం మీద రాసుకొని పోతే తొందరగ ఇస్తరు.

కొలిచే ముందు కాంటను పరీక్ష చేయాలె. ఈ సంగతి నాకు కాలేజీల నేర్పకముందే బాపు నేర్పిండు. వడ్లు అమ్మేకాడ బాపు ముందుగాల బస్తా చూడడు, కాంట మీద సున్నా ఉందా అని చూస్తడు. తర్వాత తాను ఇంటికాడ జోకుకొచ్చిన బస్తా ఒకటి దాని మీద పెట్టిస్తడు. రెండు లెక్కలు కలిస్తేనే మిగతా బస్తాలు దించుతడు. మేం గూడ గదే చేసినం. మోటర్ ఉండే కొనకు దారం కట్టి, చిన్న గిరక మీద నుంచి వేలాడదీసి, దారం చివర నీళ్ల సీసా కట్టినం. ముందే కాంట మీద పెట్టి సీసాతో కలిపి సరిగ్గ 500 గ్రాములు చేసుకున్న నీళ్లు అవి. కాంట మీద 494 చూపించింది. 6 గ్రాములు కబ్జా, గిరక రాపిడికి పోతున్నయి. కబ్జాకు రెండు చుక్కల కుట్టుమిషిన్ నూనె వేస్తే 498కి వచ్చింది. ఇంక నమ్మొచ్చు.

జాగ్రత్తల సంగతి గట్టిగ చెప్తా, దీన్ని ఎవరూ తేలికగ తీసుకోవద్దు. 10 అంగుళాల పంక నిమిషానికి 8 వేల చుట్లు తిరుగుతుంటే కంటికి కనిపించది, వేలు పెడితే ఎముక దాకా పోతది. పంక తిరిగే వరుసల ఎవరూ నిలబడొద్దు, ఒకవేళ విరిగితే ముక్క గా దిక్కే ఎగురుతది. పీటను బల్లకు బిగించాలె. మోటర్ దిక్కు చెయ్యి పెట్టే ముందు ప్రతిసారి బ్యాటరీ తీగ ఊడదీయాలె. కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె. లిపో బ్యాటరీ ఉబ్బితే వాడొద్దు, చార్జి పెట్టి పక్కకు పోవద్దు, హాస్టల్ రూముల మంచం మీద అసలే చార్జి పెట్టొద్దు. ఒక్క సెల్ 3.5 వోల్టుల కంటే కిందికి పోనీయొద్దు.

ఇప్పుడు అసలు పని. మూడు సైజుల పంకలు తెచ్చినం. 8 అంగుళాలు, 9 అంగుళాలు, 10 అంగుళాలు. పిచ్ అన్నిటికీ 4.5, 4.7 అంగుళాలే. ప్రతి పంకకు బ్యాటరీ నిండ చార్జి చేసి మొదలు పెట్టినం, ఎందుకంటే బ్యాటరీ దిగుతున్నకొద్దీ బలం దిగుతది, అట్లయితే పోలిక తప్పు పడుతది. వేగం పావు, సగం, ముప్పావు, పూర్తి. ఒక్కో కాడ 10 సెకన్లు ఆగి, కాంట అంకె నిలకడైనంక రాసుకున్నం. ఒక్కో పంకకు మూడుసార్లు చేసి సగటు తీసినం. పూర్తి వేగం కాడ వచ్చిన లెక్కలు ఇవి:

8 అంగుళాల పంక: 520 గ్రాములు, 9.0 ఆంపియర్లు, 100 వాట్లు, నిమిషానికి 9,900 చుట్లు.

9 అంగుళాల పంక: 670 గ్రాములు, 12.2 ఆంపియర్లు, 132 వాట్లు, 9,000 చుట్లు.

10 అంగుళాల పంక: 790 గ్రాములు, 15.4 ఆంపియర్లు, 162 వాట్లు, 8,000 చుట్లు.

వెయ్యి గ్రాములు ఏ పంకతోనూ రాలె. కానీ అంతకంటె ముఖ్యమైన సంగతి వేరే ఉన్నది. పంక పెద్దదైనకొద్దీ బలం పెరిగింది నిజమే, కరెంటు తాగుడు ఇంకా ఎక్కువ పెరిగింది. ఒక్క వాట్‌కు ఎన్ని గ్రాములు వచ్చినయో భాగారం చేస్తే 8 అంగుళాలకు 5.2, 9కి 5.1, 10కి 4.9. ఈ మోటర్ 12 ఆంపియర్లను ఒక నిమిషం వరకే తట్టుకుంటదని దాని వివరంలనే ఉంది. 10 అంగుళాల పంక దాన్ని 15 దాటిస్తున్నది. ఒక నిమిషం పూర్తి వేగంతో నడిపి వేడి చూస్తే 10 అంగుళాల పంక కాడ మోటర్ మీద 84 డిగ్రీలు, 9 కాడ 61 డిగ్రీలు. లోపల ఉండే నియోడిమియం అయస్కాంతాలల్ల మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవుడు మొదలైతది. ఒక్కసారి పోయిన అయస్కాంతం చల్లారినంక గూడ మొత్తం తిరిగి రాదు. అంటే 10 అంగుళాలతోని ఎగిరేస్తే ఎగురుతది, కానీ నాలుగు రోజులకు మోటర్ మూలకు పడుతది.

ఎందుకిట్ల అయితదంటే, దీనికి ఒక లెక్క ఉన్నది. ఒకే వేగంతో తిరిగితే పంక ఇచ్చే బలం దాని పొడుగును నాలుగుసార్లు గుణించినట్టు పెరుగుతది, దానికి కావాల్సిన శక్తి ఐదుసార్లు గుణించినట్టు పెరుగుతది. 8 నుంచి 10కి పోతే పొడుగు పెరిగింది పావు వంతే. కానీ అదే వేగంతో తిప్పాలంటే బలం దాదాపు రెండున్నర రెట్లు, శక్తి మూడు రెట్లు కావాలె. మోటర్‌కు అంత దమ్ము లేదు కాబట్టి చుట్లు తగ్గిస్తది, కరెంటు ఎక్కువ గుంజుతది, వేడెక్కుతది. మన ఊర్లల్ల చిన్న మోటర్‌కు పెద్ద పంపు బిగిస్తే ఏమైతదో ఇదీ గంతే.

శిక్షణకు వాడే చిన్న విమానానికి దాని బరువుల సగం నుంచి ముప్పావు దాకా బలం ఉంటే చాలు, ఎందుకంటే మోసేది రెక్క, పంక ముందుకు నెడుతది అంతే. డ్రోన్‌కు అట్ల కుదరదు, దాని బరువు మొత్తం పంకలే మోయాలె కాబట్టి రెండింతల బలం పెట్టుకుంటరు. మా విమానం 900 గ్రాములు, 9 అంగుళాల పంక బలం 670. దాదాపు ముప్పావు. ఇంక బ్యాటరీ 2,200 మిల్లీ ఆంపియర్ అవర్ల దాంట్ల 80 శాతమే వాడుకుంటే, 9 అంగుళాలతోని పూర్తి వేగంల 8 నిమిషాల పైన, 10 అంగుళాలతోని 7 నిమిషాల లోపల.

ఈ లెక్కలన్నీ ఒక కాయితం మీద గీత గీసి టీం ముందు పెట్టిన. సీనియర్ అన్న రెండుసార్లు చదివి, "ఇంకోసారి నా ముంగట చేయి" అన్నడు. మంచి మాట. ఆయన ముంగట చేసినం. 9 అంగుళాలకు 664 వచ్చింది. "సరే, పెద్ద మోటర్ వద్దు" అన్నడు. ఆ మిగిలిన పైసలతోని ఇంకో బ్యాటరీ, ఆరు 9 అంగుళాల పంకలు తీసుకున్నం. పంకలు దిగేటప్పుడు విరుగుతయి, ఎక్కువ ఉండాలె. అప్పటి నుంచి టీంలో ఏదన్నా తెగకుంటే, "కాంట పెట్టినమా?" అని నన్ను అడుగుతున్నరు. నా ఇంగ్లీషు ఏం మారలె. మాట్లాడేటప్పుడు చేతిల కాయితం ఉంటది, గంతే తేడా.

బల్ల మీద లెక్కే మొత్తం కాదు, ఇది గూడ తెలుసుకోవాలె. బల్ల మీద విమానం కదలది. గాల్లో పోతున్నప్పుడు పంకకు ఎదురు గాలి వస్తది, బలం తగ్గుతది. పంక చుట్లను పిచ్‌తోని గుణిస్తే అది పోగలిగే వేగం అంచనా దొరుకుతది. మా 9 అంగుళాల పంకకు గంటకు సుమారు 64 కిలోమీటర్లు. విమానం ఆ వేగానికి దగ్గరైనకొద్దీ పంక నెట్టుడు తగ్గిపోతది. అట్లనే ఎండ సంగతి. మా జగిత్యాల దిక్కు మే నెలల 45 డిగ్రీల ఎండ కొడుతది. 15 డిగ్రీల కాడ ఉండే గాలి కంటె 45 డిగ్రీల గాలి దాదాపు 10 శాతం పలుచగ ఉంటది. చుట్లు అవే తిరిగినా బలం గంత తగ్గుతది. చల్లటి దేశంల కొలిచి రాసిన అంకెను మనం మే నెలల మిట్టమధ్యాహ్నం నమ్ముకుంటే దెబ్బ తింటం. అమెరికాల ఇల్లినాయ్ యూనివర్సిటీల మైకేల్ సెలిగ్ అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు గాలి సొరంగంల చాలా రకాల చిన్న పంకలను కొలిచి, ఆ లెక్కలు ఎవరైనా చూసుకునేటట్టు ఉచితంగ పెట్టిండ్రు. మా అంకెలు సరిగ్గ ఉన్నయా అని వాటితోని గూడ పోల్చి చూసుకున్నం.

అచ్చులో ఉన్న అంకెను అనుమానించుడు కొత్తేం కాదు. రైట్ సోదరులు సైకిల్ దుకాణం నడుపుకున్నోళ్లు, ఇద్దరికీ కాలేజీ చదువు లేదు. గాలి ఒత్తిడికి వంద ఏళ్లకు పైగా అందరూ వాడుతున్న 0.005 అనే అంకెతోని గ్లైడర్ కడితే, లెక్క ప్రకారం రావాల్సినంత బలం రాలె. 1901ల వాళ్లు ఆరడుగుల చెక్క పెట్టెతోని సొంతంగ గాలి సొరంగం చేసుకున్నరు. కొలిచే త్రాసును సైకిల్ చువ్వలు, రంపం బ్లేడ్లతోని తయారు చేసిండ్రు. దాదాపు 200 రెక్క నమూనాలు కొలిచిండ్రు. ఆ పాత అంకె దాదాపు 0.0033 ఉండాలని వాళ్లకు తేలింది. పంకలను గూడ వాళ్లే లెక్క గట్టి చెక్కుకున్నరు. 1903 డిసెంబర్ 17న ఎగిరిండ్రు. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు.

ఇంక ఇంటి సంగతి. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం గిదే. మా చెలక ఎత్తు మీద ఉంటది, బోరే దిక్కు. 5 హెచ్‌పీ మోటర్. పోయిన యాసంగిల రెండుసార్లు కాలింది. బోరుల నుంచి తీసుడు, వైండింగ్ చేయించుడు, మళ్లీ దించుడు అన్నీ కలిపి ఒక్కోసారికి 8 వేల దాకా పడ్డది. రెండోసారి బాపు అప్పు చేసిండు, మక్క ఎండింది. ఎందుకు కాలిందని అడిగితే ఒకరు మోటర్ మంచిది కాదన్నరు, ఇంకొకరు వైండింగ్ మంచిగ చేయలేదన్నరు, ఇంకొకరు మీ టైం బాగలేదన్నరు.

సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు దోస్తు కాడ క్లాంప్ మీటర్ అడుక్కొని తీసుకపోయిన. దీన్ని తీగ చుట్టూ తగిలిస్తే చాలు, తీగ కోయకుంట కరెంటు చూపిస్తది. ఇది 415 వోల్టుల పని, పంక ఆట కాదు. మా మోటర్ మెకానిక్ మామను పక్కకు పెట్టుకొని, వోల్టేజీ ఆయనతోనే చూపించిన. నేను తొడుగు ఉన్న తీగకు మీటర్ తగిలించి రాసుకున్న. మోటర్ ప్లేటు మీద 415 వోల్టులు, 7.5 ఆంపియర్లు అని ఉన్నది. పొద్దుగాల 6 గంటలకు 402 వోల్టులు, 7.4 ఆంపియర్లు. 11 గంటలకు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఆరు మోటర్లు అన్నీ నడుస్తుంటే, 338 వోల్టులు, 9.6 ఆంపియర్లు. మూడు రోజులు చూసిన, గట్లనే ఉన్నది. ఇంట్ల బల్బు వోల్టేజీ తగ్గితే మసక అయితది, కరెంటు తక్కువ తాగుతది. నీళ్ల మోటర్ అట్ల కాదు. అదే నీళ్లు ఎత్తాలె కాబట్టి వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ గుంజుతది, తీగ వేడెక్కి వార్నిష్ కాలుతది. 10 అంగుళాల పంక కాడ చిన్న మోటర్ వేడెక్కినట్టే. కారణం వేరే, కాలేది మాత్రం అదే తీగ.

బాపుకు నోటుబుక్కు చూపించిన. అంకెలు ఆయనకు చదువ వస్తది. చాలా సేపు చూసి, "అంటే మన మోటర్ తప్పు లేదా?" అన్నడు. లేదు అన్న. "మరి గిన్ని రోజులు ఎవ్వలు చెప్పలేదేంది" అన్నడు. దానికి నా కాడ జవాబు లేదు.

ఆరుగురు రైతులు కలిసి అర్జీ రాసినం. దయచేసి, కష్టపడుతున్నం అని రాయలె. తారీఖు, టైం, వోల్టులు, ఆంపియర్లు, నడుస్తున్న మోటర్లు ఎన్ని అని పట్టీ గీసి రాసినం. అంతకుముందు మాటతోని నాలుగుసార్లు చెప్పినా ఎవరూ రాలె. ఈసారి వచ్చిండ్రు, వాళ్ల మీటర్ పెట్టుకున్నరు, 341 వోల్టులు చూసి రాసుకొని పోయిండ్రు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా రాలె. అది వచ్చేదాకా ఆరుగురు మాట్లాడుకొని మూడు మోటర్లు పొద్దుగాల, మూడు మోటర్లు మధ్యాహ్నం నడుపుతున్నరు. స్టార్టర్‌ల ఓవర్‌లోడ్ రిలేను మామ సరిగ్గ 7.5 కాడ పెట్టిండు, ఎక్కువ గుంజితే అదే బంద్ అయితది. ఈ యాసంగిల ఇప్పటిదాకా ఎవ్వల మోటర్ కాలలె.

తమ్ముడూ, పని సంగతి గూడ చెప్తా. ఇప్పుడు పొలాలకు మందు కొట్టే డ్రోన్లు వస్తున్నయి. 2023 నవంబర్‌ల కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం మొదలు పెట్టింది, 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చుడు దాని లక్ష్యం. 2021 సెప్టెంబర్‌ల వికారాబాద్‌ల డ్రోన్లతోని మందులు, టీకాలు పంపి చూసిండ్రు. హైదరాబాద్‌ల మారుత్ డ్రోన్స్ కంపెనీ పెట్టినోళ్లల్ల ప్రేమ్ కుమార్ విస్లావత్ ఒకరు, ఐఐటీ గౌహతిల చదివిండు. 25 కిలోల డ్రోన్‌కు ఆరు మోటర్లు ఉంటే, గాల్లో నిలబడడానికే ఒక్కోటి 4 కిలోల పైన ఎత్తాలె. ఒక్క మోటర్ వేడెక్కి ఆగితే కింద ఉన్న మనిషి మీద పడుతది. కాబట్టి ప్రతి కంపెనీల మోటర్లు, పంకలు బల్ల మీద కొలిచేటోళ్లు కావాలె. మేం కబ్జాతోని, వంటింటి కాంటతోని చేసిన పనినే వాళ్లు పెద్ద పరికరాలతోని చేస్తరు.

ఈ గ్రూపుల పాలిటెక్నిక్, ఐటీఐ, ఇంజనీరింగ్ వాళ్లు చాలా మంది ఉన్నరు. మీరు ఎలక్ట్రికల్ అయితే ఈ సెలవులల్ల మీ ఇంటి బోరు మోటర్ ప్లేటు మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి, ఊరి మెకానిక్‌ను వెంట పెట్టుకొని పొద్దుగాల, మధ్యాహ్నం, రాత్రి లెక్కలు రాయండి. స్టార్టర్ డబ్బాలో ఒంటరిగ చెయ్యి పెట్టొద్దు. మెకానికల్ వాళ్లు వడ్ల కాంట కాడ తెలిసిన బరువు పెట్టి చూడండి. తారీఖు వేయండి, మూడుసార్లు కొలవండి, పక్కవాళ్ల ముంగట ఇంకోసారి కొలవండి. లెక్కలు వచ్చినంక ఇక్కడ పెట్టండి, ఊర్ల వారీగ ఒక పట్టీ చేద్దాం.

మేం వాడిన పీట కొలతలు, గీసిన బొమ్మ రేపు కామెంట్ల పెడతా. ఇంకా ఏమన్నా డౌట్ ఉంటే అడగండి, తెలిసింది చెప్తా, తెలియనిది సార్‌ను అడిగి చెప్తా. మా విమానం రెక్కకు ఇంకా కవరింగ్ అయితలేదు, పరీక్షలు అయినంక ఎగరేస్తం. ఎగిరినా, కూలినా ఆ లెక్కలు గూడ రాస్తా.